గంగమ్మ గుళ్లో వెండి కళ్లు

ఉప్పుగుంటపాళెం ప్రజలకు తెలియజేయునది ఏమనగా, పడవ ముత్యాలయ్య భార్య నాగులమ్మకు గల మెడనొప్పి, నడుంనొప్పి నేటితో ఆమె సొంతం కాకుండా పోయి, ఊరి ఉమ్మడి వ్యవహారములైనవి. ఈ సాయంత్రం గంగమ్మ గుడి పందిరి కింద పెద్దలు సమావేశమై సదరు నొప్పులపై తగు నిర్ణయం తీసుకొందురు. నొప్పి గల మనిషి రానక్కరలేదు.

ఈ దండోరా వేయించినవారు ఆ పల్లెకు పెద్దరికం చేసే పెద్దకాపు కామాక్షయ్యగారు. మాటలు కూర్చినవారు వెంకయ్యగారు. వెంకయ్యగారు బిట్రగుంట రైల్వేలో గుమాస్తాగిరీ చేసి, పదవీ విరమణ తర్వాత సొంత ఊరికి వచ్చి, మత్స్యకారుల సహకార సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన వచ్చాక ఊళ్లో పనులు జరగడం తగ్గిపోయిన మాట నిజమే గాని, జరగని ప్రతి పనికీ ఒక తీర్మానం మాత్రం తప్పకుండా ఉండేది. ఇది ఊరికి గొప్ప అభివృద్ధి అని అందరూ ఒప్పుకున్నారు.

ఇక నాగులమ్మ సంగతి. ఆమె తెల్లవారగానే రేవులో చేప కొని, గంప నెత్తిన పెట్టుకుని, కోవూరు దాకా నడిచి అమ్ముకొచ్చే మనిషి. గంప బరువును ఆమె ఏనాడూ బరువనుకోలేదు. అమ్మేకొద్దీ అది తేలికవుతుంది, ఇంటికొచ్చాక దించుకోవచ్చు. అమ్ముడుపోనిదీ దించుకోవడానికి వీల్లేనిదీ మరొకటుంది. రొమ్ముల బరువు. మాట రాసేశాం కాబట్టి పాఠకులు ఒకసారి అటూ ఇటూ చూసుకుని ముందుకు సాగవచ్చు. పెళ్లినాటికే ఉన్న ఆ బరువు ముగ్గురు పిల్లలు పుట్టేసరికి రెండింతలైంది. మెడ వంగిపోయింది. వేసవిలో చెమటకాయలు పుండ్లయ్యేవి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, బోర్లా పడుకోవడమనే సుఖం ఎలా ఉంటుందో ఆమె మరిచేపోయింది. ఈ బాధకు ఊరి మగవాళ్లు ఎంతో కాలంగా తమకు చేతనైన సాయం చేస్తూనే ఉన్నారు. ఆమె వీధిలో వెళ్తుంటే పని మానుకుని మరీ చూసేవారు.

కోవూరులో నాగులమ్మ దగ్గర చేపలు కొనే ప్రేమలీల అనే డాక్టరమ్మ ఒకనాడు గంప దించుకుంటున్న మనిషి భుజాలకేసి చూసి ఆగిపోయింది.

"నీ గంప తలమీద కదా నాగులమ్మా, ఈ గాట్లు భుజాల మీద పడ్డాయేమిటి?"

"అయ్యి గంపయ్యి గాదమ్మా. లోరవిక పట్టీలు కోసకపోయినయి," అంది నాగులమ్మ. చెప్పాక ఎందుకో ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఆ భుజాలను చూసి ఎందుకని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

మద్రాసు పెద్దాసుపత్రిలో దీనికి ఆపరేషను ఉందనీ, తగ్గించి కుడతారనీ డాక్టరమ్మ చెప్పింది. ఏమేం జరుగుతుందో దాచకుండా వివరించింది. మత్తు ఇస్తారు. లేచాక నొప్పి ఉంటుంది, వాపు ఉంటుంది. కొన్ని వారాలు కట్లు. చేతులు పైకెత్తకూడదు, నెలా రెండు నెలలు గంప మాట తలపెట్టకూడదు. రెండూ అచ్చంగా ఒకే తీరున రాకపోవచ్చు. స్పర్శ కొంత తగ్గవచ్చు. ఇకమీదట బిడ్డ పుడితే పాలు చాలకపోవచ్చు. మచ్చలు పోవు, కింద లంగరు ఆకారంలో ఉండిపోతాయి.

నాగులమ్మ అంతా విని, "లంగరంటే మాకు శుభమే గదమ్మా," అంది.

పాపం డాక్టరమ్మ శరీరానికి జరగబోయేదంతా చెప్పింది. ఊరికి జరగబోయేది చెప్పలేదు. అది వైద్య గ్రంథాల్లో ఉండదు.

ఈ కబురు ఊళ్లో పొక్కి, దండోరా పడిన ఆ సాయంత్రం సభ దివ్యంగా జరిగింది. వెంకయ్యగారు కండువా సర్దుకుని లేచారు. "సోదరులారా! దేశం యావత్తూ పంచవర్ష ప్రణాళికల ద్వారా ఉత్పత్తిని పెంచుకుంటున్న ఈ తరుణంలో, మన గ్రామమందు ఒక తగ్గింపు కార్యక్రమం తలపెట్టడం ప్రభుత్వ విధానానికి అనుగుణమేనా అన్నది ప్రథమ ప్రశ్న. ప్రకృతి ప్రసాదించిన వనరులను వృథాపరచుట తగునా అన్నది ద్వితీయ ప్రశ్న." మూడో ప్రశ్న చప్పట్లలో వినపడలేదు. తర్వాత ఒక పెద్దమనిషి, మత్తు ఇస్తే మనిషి అరవం మాట్లాడుతూ లేస్తుందన్నాడు. ఇంకొకాయన, ముందువైపు బరువు తీసేస్తే ఆడది నడిచేటప్పుడు వెనక్కి పడిపోతుందని పడవ లెక్కలతో రుజువు చేశాడు. కుడిపక్క సరుకు దించితే ఎడమపక్కకు ఒరగదా? ఒరుగుతుందని అందరూ ఒప్పుకున్నారు.

చివరికి భర్త ముత్యాలయ్యను అడిగారు. అతను ఊళ్లో తక్కువ మాట్లాడేవాడు. "నొప్పి దానిది. పడవ నాది. ఎవురిది వాళ్లు చూసుకోవాల గదా," అని కూర్చున్నాడు. ఇంత లోకజ్ఞానం లేనివాడికి పెళ్లి ఎలా అయిందని పెద్దలు విచారించారు.

ఆపరేషను కూడదని తీర్మానం రాయడానికి వెంకయ్యగారు కలం తీశారు. అక్కడ చిక్కు వచ్చింది. ఏది తగ్గించకూడదో తీర్మానంలో రాయాలి కదా. "ఉభయ అవయవములు" అని రాస్తే రేపు కాళ్లకు దెబ్బ తగిలినా ఆసుపత్రికి పోవడానికి వీలుండదు. "పై భాగము" అని రాస్తే క్షవరం కూడా ఆగిపోతుంది. అసలు మాట రాయమంటే వెంకయ్యగారు కామాక్షయ్యగారిని చెప్పమన్నారు, కామాక్షయ్యగారు పూజారిని చెప్పమన్నారు, పూజారి దీపారాధన వేళైందని లేచిపోయాడు. ఆ విధంగా ఒక్క మాట నోరు తిరగనందువల్ల నాగులమ్మకు మద్రాసు ప్రయాణం ఖాయమైంది.

బయల్దేరేనాడు అత్త పిచ్చమ్మ కోడల్ని గంగమ్మ గుడికి తీసుకెళ్లింది. పిచ్చమ్మ నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. కోడలి మీద ఉన్న ప్రేమ ఇంట్లో ఎప్పుడూ చూపించలేదు, అందరూ ఉన్నచోట చూపిస్తే పుణ్యమూ పేరూ రెండూ వస్తాయని ఆమె నమ్మకం. గంగమ్మ ఎదురుగా రెండు రాటల మధ్య ఒక ఇత్తడి తీగ ఉంది. ఆ ఊరి ఆచారం ప్రకారం, ఏ అవయవానికి బాగైతే దాన్ని వెండిలో చేయించి, మేళంతో తెచ్చి, ఆ తీగకు కట్టాలి. మోకాళ్లు, చేతులు, పాదాలు ఉండేవి గాని, అన్నిటికన్నా ఎక్కువ కళ్లే. జతలు జతలుగా కళ్లు. గాలి వేస్తే ఊరంతా వినపడేటన్ని. నెల్లూరు నుంచి వచ్చిన హెల్తు ఇనస్పెక్టరు ఒకసారి ఆ తీగ చూసి బెదిరిపోయి, ఇది కంటిజబ్బుల పీడిత గ్రామమని పైకి రాసి, శిబిరం కూడా పెట్టించాడు. తీరా చూస్తే అందరి చూపూ డేగ చూపే. అంతా గంగమ్మ మహిమేనని తేలింది. పెద్దకాపు కామాక్షయ్యగారైతే, "మా ఆడదాని కళ్లు అమ్మే బాగుచేసింది. ఇసకలో సూది పడినా కనిపెడతాది," అని వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేవారు.

ఆ తీగ కింద నిలబడి పిచ్చమ్మ రెండు చేతులూ ఎత్తింది. "అమ్మా గంగమ్మా! నా కోడలు సల్లంగా తిరిగొస్తే, ఏది బాగైతే అది వెండిలో చేయించి, మేళాలతో ఊరేగించి తెచ్చి నీ ముందర కడతా తల్లీ!"

మోకాలికీ కంటికీ జీవితమంతా అదే మొక్కు మొక్కిన అలవాటు మీద నోట వచ్చేసింది. ఊరంతా విన్నది. గంగమ్మ కూడా విన్నది. బండి కదిలాక గాని పిచ్చమ్మకు తానేం మొక్కిందో తెలియలేదు. తెలిశాక కోవూరు దాకా మాట్లాడలేదు. ఇది ఆమె జీవితంలో అపూర్వం.

మద్రాసులో అన్నీ డాక్టరమ్మ చెప్పినట్టే జరిగాయి. మత్తు దిగాక నొప్పి ఉంది, వాపు ఉంది, కట్లు ఉన్నాయి. నాగులమ్మ అరవం మాట్లాడలేదు. తీసింది ఇన్ని కిలోలని నర్సు చెబితే, వీశెలు పోయి కిలోలు కొత్తగా వచ్చిన రోజులు కాబట్టి పిచ్చమ్మకు అర్థం కాలేదు. చేతులతో చూపించమంది. నర్సు చూపించింది. "ఓయమ్మ! మంచి పండుగప్పంత!" అంది పిచ్చమ్మ. ఊరికొచ్చి రేవులో అదే మాట అందరికీ చెప్పింది. దాంతో ఆ సీజనంతా ఉప్పుగుంటపాళెంలో పండుగప్ప ఎవరూ తినలేదు. అంత రుచిగల చేప అడిగే దిక్కులేక ఉప్పులోకి పోయింది.

నాగులమ్మ మాత్రం అన్నీ మరిచిపోయేంత సంతోషంగా ఉంది. నిటారుగా నిలబడితే సముద్రం ఇంకాస్త దూరం కనిపించింది. కట్లు విప్పి, గాయాలు మానాక, ఒక మధ్యాహ్నం ఇంటి వెనక ఇసకలో చాప పరుచుకుని బోర్లా పడుకుంది. చెంప కింద చెయ్యి పెట్టుకుని అలాగే నిద్రపోయింది. చిన్నపిల్లప్పుడు తప్ప అటువంటి నిద్ర ఆమె ఎరగదు. లేచాక కాసేపు ఊరికే నవ్వుకుంది. వెనక్కి పడిపోతుందేమోనని ఆమె నడకను చూడ్డానికి కొన్నాళ్లు పెద్దలు అరుగుల మీద కాపలా కాశారు. ఆమె పడలేదు. పెద్దలు నిరాశపడ్డా బయటికి చెప్పలేదు.

రెండు నెలలు గడిచాక డాక్టరమ్మ గంప ఎత్తుకోవచ్చంది. నాగులమ్మ గంప కడిగి ఎండబెట్టుకుని, తెల్లవారగానే రేవుకు బయల్దేరింది. కామాక్షయ్యగారు దారికి అడ్డంగా నిలబడ్డారు.

"ఆగు మే. మొక్కు బాకీ ఉండే మనిషి నీడ పడవ మీద పడగూడదు. మన కట్టుబాటు తెలవదా?"

"తీర్చేదానికేం మామా, ఎప్పుడంటే అప్పుడు తీరస్తా. వెండి చేయించమను."

కామాక్షయ్యగారు నోరు తెరిచారు. ఏం చేయించాలో గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. ఆ మూసిన నోరే ఊరి కట్టుబాటు అయింది. మొక్కు తీర్చక రేవులోకి రాకూడదు. మొక్కు తీర్చడానికి ఆ వస్తువు గుళ్లోకి రాకూడదు. ఒళ్లు తేలికైన నాగులమ్మ ఖాళీ గంప పక్కన కూర్చుని, తను అమ్మాల్సిన చేపలు వేరేవాళ్ల నెత్తిన కోవూరు పోవడం చూస్తూ ఉండిపోయింది. నొప్పితో నడిచిన రోజుల్లో కూడా ఆమె ఇంత దిగులు పడలేదు.

ఇటువంటి సంక్షోభాల కోసమే వెంకయ్యగారు పుట్టారు. "నొప్పి నడుముకు గదా! వెండి నడుము సమర్పించినచో సర్వులకూ గౌరవప్రదం," అన్నారు. నాగులమ్మ సరేనంది. గంప దక్కితే చాలు, నడుమైనా ముక్కైనా ఆమెకు ఒకటే. కంసాలి ఆదెయ్య వెండి నడుము చేశాడు. అది ఎటునుంచి చూసినా ఎండుచేపలాగే ఉంది. మేళం పెట్టి తీగకు కట్టారు. ఆ వారమే గాలి మళ్లింది. వలల నిండా నాచు, గుల్లలు తప్ప చేప తోక పడలేదు. గుడిసెల్లో పొయ్యిలు వెలగడం తగ్గింది. ముత్యాలయ్య పడవ కూడా ఒట్టిదే వచ్చింది.

మళ్లీ సభ. "అమ్మవారు మన దరఖాస్తును, తగిన వస్తువు జతపరచలేదని తిప్పి పంపినారు," అని వెంకయ్యగారు గంభీరంగా ప్రకటించారు. ఆకలి మర్యాదకన్నా పెద్దది కాబట్టి, అసలు వస్తువే చేయించాలని అందరూ తలలు వంచుకుని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఇంకో గొప్ప ప్రశ్న పుట్టింది. శస్త్రచికిత్సకు పూర్వపు పరిమాణమా, తదనంతర పరిమాణమా? బాగైనది ఇప్పుడున్నదే గనుక ఇప్పటి కొలతే సబబని ఒక వర్గం. అమ్మవారి దగ్గర పిసినారితనమా, అంతకు ముందున్నదే ఘనంగా ఇవ్వాలని మరో వర్గం. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. అయినా రెండు వర్గాలవారూ చేతులతో కొలతలు చూపిస్తూ ఎంత ఖచ్చితంగా వాదించారంటే, ఇన్నేళ్లుగా వాళ్లు ఎంత శ్రద్ధగా గమనించారో ఆనాడు తెలిసింది. ఆదెయ్య ఒక మూల కళ్లు మూసుకుని, "నా కాడ కాళ్లకీ చేతులకీ అచ్చులుండాయి. దీనికి లేదు. నన్నొదిలేయండి సామీ," అని బతిమాలుకుంటున్నాడు.

పిలవని సభకు నాగులమ్మ వచ్చింది. ఖాళీ గంప చంకలో ఉంది. మొదటిసారి ఆమె తలెత్తి అందరి ముఖాల్లోకీ చూసింది. చూసినంతసేపూ ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. ఇదీ కొత్తే.

"మామా, ఇన్నాళ్లూ ఊరకుండినా. నా రొమ్ములు మోసింది నేను, కోసింది మద్రాసు డాక్టరు, మొక్కింది మా యత్త. మద్దెలో మీకేంది నొప్పి? ముందరియ్యి కావాల్నంటే మద్రాసుకి పోండి, యాడ పూడ్చినారో అడిగి తెచ్చుకోండి. ఆదెయ్యన్నా, కుంకుమ భరిణె చేసే అచ్చు దిమ్మె ఉండాదా నీ కాడ?"

"ఉండాది," అన్నాడు ఆదెయ్య కళ్లు తెరవకుండానే.

"దాని మూత ఎట్టుంటాది? గుండ్రంగా ఉబ్బి, నడిమద్దెన బుడిపె ఉంటాది గదా. అట్టాంటియి రెండు కొట్టు."

ప్రతి మగవాడికీ ఇంట్లో దేవుడి అర మీదున్న భరిణె కళ్ల ముందు కదిలింది. తాతలనాటి నుంచి రోజూ దండం పెట్టుకుంటున్న వస్తువు. కామాక్షయ్యగారు గొంతు సవరించుకుని, "భరిణె మూతలే గదా, దానికేమి," అన్నారు. పిచ్చమ్మ ఆనందం పట్టలేక పందిరి బయట నుంచే గంగమ్మకు జై కొట్టింది.

అట్లా ఒక శుక్రవారం, ఉభయ కుంకుమ భరిణె మూతలు డప్పులతో, సన్నాయితో ఊరేగి వచ్చి గంగమ్మ తీగకెక్కాయి. గాలి తిరిగింది. మర్నాడు వలలు లాగడానికి మనుషులు చాలలేదు. అది గంగమ్మ దయో, ఋతువో మనం చెప్పలేం. నాగులమ్మ గంప నింపుకుని, ముత్యాలయ్య చెయ్యి వేసి ఎత్తగా నెత్తిన పెట్టుకుని, నిటారుగా నడిచింది. పండుగప్ప ధర కూడా కోలుకుంది.

కథ ఇక్కడితో ముగిస్తే అందరూ సుఖపడేవారు. కాని ఆ ఉదయం రేవు దాటుతుండగా పెద్దకాపు భార్య మాలకొండమ్మ ఆమెను పక్కకు పిలిచింది. గొంతు బాగా తగ్గించింది.

"మే నాగులూ, ఆదెయ్య ఆ దిమ్మె ఇంకా తీసెయ్యలేదు గదా?"

"లేదు. ఎందుకక్కా?"

"తీగ మీద నా కళ్లుండాయి. మార్పించుకోవాల."

"నీ కళ్లకి ఏమైందక్కా?"

"నా కళ్లకేం గాలా. పెద్దోడు పుట్టినప్పుడు పాలగడ్డ లేసి, చీముపట్టి, సావు దాకా పోయొచ్చినా. అమ్మకి మొక్కుకున్నా, బతికించింది. మరి దానికి బొమ్మ చేయమని ఎవుర్నడిగేది? జతగా ఉండేటియ్యి ఏందని చూస్తే కళ్లుండాయి. కళ్లే ఇచ్చినా. ఇన్నేళ్లూ అమ్మకి అబద్దం చెప్పినట్టే ఉండాది మే."

నాగులమ్మకు గంప ఒక్కసారి బరువెక్కినట్టయింది. తల తిప్పి గుడివైపు చూసింది. తీగ నిండా ఉన్న కళ్లన్నీ గాలికి ఊగుతున్నాయి. ఒక్కొక్క జతా ఎవరిదో, ఎందుకో ఆమెకు ఇప్పుడు అర్థమవుతోంది. తను ఒక్కతే మోసిందనుకుంది ఇన్నాళ్లూ. "పద అక్కా, ఇద్దరం కలిసే పోదాం ఆదెయ్య కాడికి," అంది.

ఇద్దరూ వెళ్లేసరికి అక్కడ ఇంకో ముసలమ్మ కూర్చుని ఉంది. తర్వాత శుక్రవారానికి ఆదెయ్య దిమ్మెకు తీరిక లేదు. గడ్డ లేచినవాళ్లు, పాలు గడ్డకట్టినవాళ్లు, వాపుతో జ్వరం తగిలినవాళ్లు, బిడ్డ పోయాక పాలు ఆగక ఏడ్చినవాళ్లు, కోడళ్లు, అత్తలు, అవ్వలు. తీగ మీద కళ్లు ఒక్కొక్క జతే దిగిపోయాయి. మూతలు ఒక్కొక్క జతే ఎక్కాయి. తమ ఇంటి కళ్లు దిగడం చూసిన ప్రతి మగవాడూ రాత్రి అన్నం దగ్గర ఏదో అడగబోయి, మజ్జిగ పొయ్యమన్నాడు. కామాక్షయ్యగారు ఇసకలో సూది మాట మానేశారు. అప్పటినుంచీ ఉప్పుగుంటపాళెం మగవాళ్లు గుడికొస్తే కళ్లు గట్టిగా మూసుకుని గాని దండం పెట్టలేదు. ఇంత నిష్ఠగల భక్తులు జిల్లాలోనే లేరని చుట్టుపక్కల పేరొచ్చింది.

ఏడాది తిరిగాక హెల్తు ఇనస్పెక్టరు మళ్లీ వచ్చాడు. తీగ మీద ఒక్క కన్ను కూడా లేకపోవడం చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తన శిబిరం వల్ల గ్రామంలో కంటిజబ్బులు సమూలంగా అంతరించినట్టు అక్కడికక్కడే రాసుకున్నాడు. అందుకు సహకరించిన వెంకయ్యగారికి దండ వేశారు. ఆయన కంటి ఆరోగ్యంపై గంటసేపు మాట్లాడారు.

"అది సరే, ఈ కొత్తవేమిటి?" అన్నాడు ఇనస్పెక్టరు, తీగ చూపిస్తూ.

"కుంకుమ భరిణె మూతలండీ," అన్నారు వెంకయ్యగారు కళ్లు మూసుకుని.

రేవు నుంచి గంపతో వస్తున్న నాగులమ్మ ఆగింది. "రొమ్ములు సామీ. మా ఊరి ఆడోళ్లవి. కళ్లకి పెట్టినారే శిబిరం, వీటికీ ఒకటి పెట్టకూడదా?"

ఇనస్పెక్టరు ఎంతో బాధ్యతగా రాశాడు: గ్రామంలో కుంకుమ వాడకం సంతృప్తికరంగా ఉన్నది.

మీరు నవ్వుకోవచ్చు. నవ్వడం అయ్యాక ఈ కథను మీ ఇంట్లో అందరి ముందూ పైకి చదవండి. ఏ మాట దగ్గర మీ గొంతు తగ్గిందో చూసుకోండి. ఆ తర్వాత తీరిగ్గా, మీ ఇంటి దేవుడి అరలో ఎన్ని వెండి కళ్లున్నాయో ఒకసారి చూడండి.